అరవై బారల మోకు

రోజూ పొద్దున్న ఆరింటికి బుల్లబ్బాయి కోటిలింగాల రేవు దగ్గర టీ బల్ల మీద కూర్చుని ఓ కోత కోస్తేగానీ రాజమండ్రిలో ఎండ సరిగ్గా కాసేది కాదండి. ఒకరోజు వాళ్ళ మావయ్య గేదె ఇచ్చే పాలు బిందెల్లో పట్టక పంటకాలవలోకి వదిలేసేరనేవాడు. ఇంకోరోజు తను పట్టిన పులసకి తోక ఈ రేవులో ఉంటే తలకాయ కొవ్వూరులో ఉందనేవాడు. పక్కన ఉదయభాస్కర్, దుర్గాసాయి గ్లాసులు పట్టుకుని, "ఆ తర్వాతేమైందిరా?" అని అడిగేవారు. అడక్కపోతే వాడికి టీ గొంతు దిగేది కాదు మరి.

ఒక్క ఈత గురించి మాత్రం వాడు ఎప్పుడూ కొయ్యలేదు. గోదారొడ్డున పుట్టినోడు నాకు ఈతొచ్చని చెప్పుకుంటాడేంటండి, ఊపిరి పీల్చడం వచ్చని చెప్పుకున్నట్టు? ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు. స్నేహితులు నీళ్ళలోకి దూకినప్పుడల్లా వీడికి చెవిపోటు. చెవిపోటు లేనిరోజు జలుబు. రెండూ లేకపోతే శనివారం.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. కుర్రాళ్ళందరూ కంప్యూటరు కోర్సులకని హైదరాబాదు రైలెక్కేస్తున్నారు. ఉదయభాస్కర్, దుర్గాసాయి కూడా వచ్చే సోమవారం చేరిపోవాలి.

"నువ్వూ రారా," అన్నారిద్దరూ.

"నాకు కోర్సెందుకురా? కాకినాడలో ఓడ కంపెనీవోళ్ళు నా కోసం కుర్చీ తుడిచి ఉంచేరు. రోజూ తుడుస్తున్నారంట, పాపం," అన్నాడు బుల్లబ్బాయి.

సరే, విడిపోయేముందు ఒక్కసారి ముగ్గురూ కలిసి నడుద్దామనుకున్నారు. వీపుకి సంచులు తగిలించుకుని, ధవళేశ్వరం దగ్గర గౌతమి గట్టెక్కి, సముద్రం కనపడేదాకా పోవాలని బయల్దేరేరు. దారిలో కనపడ్డ పనల్లా మేమూ చేస్తామని ఎగబడ్డారు. దుర్గాసాయి తాడిచెట్టెక్కి, దిగడం రాక జారితే రొమ్ము మీద తోలు చెట్టుకే ఉండిపోయింది. ఉదయభాస్కర్ వల విసిరితే చేపలు పడలేదు గానీ వాడు పడ్డాడు. తడకలల్లే ముసలాయన వీళ్ళ పనితనం చూసి చేతులు జోడించి, "బాబ్బాబు, మీరు చదువుకోండి," అన్నాడు.

నాలుగోరోజు మధ్యాహ్నానికి గట్టు కింద ఓ పల్లెలో దిగేరు. పల్లెకీ, ఎదురుగా ఉన్న లంకకీ మధ్యన గోదారి పాయ. అందరి పొలాలూ లంకలో ఉన్నాయి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మోకు కట్టి, అది పట్టుకుని లాక్కుంటా పడవ మీద దాటతారు. పాత మోకు తెగిపోయి నాలుగు రోజులైంది. కొత్తది లోవలక్ష్మి పేనుతోంది. కొబ్బరిపీచు తాడు పేనడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా.

"పిన్నిగారూ, మేం కూడా ఓ చెయ్యేస్తామండి," అన్నాడు బుల్లబ్బాయి.

"చెయ్యి తర్వాత. మీలో కోతలు కోసేదెవరు?"

ఇద్దరి వేళ్ళూ ఒకేసారి బుల్లబ్బాయి వైపు తిరిగేయి.

లోవలక్ష్మి పేనే మోకు దగ్గర ఎవరైనా కోత కోస్తే అది సాగుద్ది. దాచుకున్న నిజం చెప్తే కుంచించుకుపోద్ది. అందుకే ఆ పల్లెలో పెళ్ళి మాటలు మోకుకి దూరంగా, గట్టవతల మాటాడుకుంటారు. ఎప్పుడూ ఆవిడ మొగుడు త్రిమూర్తులు పక్కన కూర్చుని కోసేవాడు. ఈసారి ఆయనకి గొంతు బొంగురుపోయి పని ఇరవై బారల దగ్గర ఆగిపోయింది. కావల్సింది అరవై.

బుల్లబ్బాయి పీచు కొడతా, మధ్యమధ్యలో తనూ తాడు పేనతా కోతలు మొదలెట్టేడు. మావయ్య గేదెకి మూడు బారలు. పులసకి ఏడు. కాకినాడ కుర్చీకి పన్నెండు. ఇంకా చిల్లర కోతలు బోలెడు. పొద్దుగూకేసరికి లెక్కకి అరవై ఒక్క బార తేలింది. త్రిమూర్తులు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నా తర్వాత ఎవరా అని బెంగగా ఉండేదిరా అబ్బాయ్," అన్నాడు బొంగురు గొంతుతో. బుల్లబ్బాయి పేనిన తాడు కూడా తిప్పి చూసి లోవలక్ష్మి, "నీ చేతిలో మెలిక బాగుందే," అంది. వాడు ఆ మెలికని మళ్ళీ ఓసారి తిప్పి చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న పల్లెంతా రేవులో చేరింది. మోకు ఒక కొస కొబ్బరిచెట్టు మొదలుకి కట్టేరు. రెండో కొస తెచ్చి లోవలక్ష్మి బుల్లబ్బాయి నడుంకి చుట్టింది.

"ఇదేంటండీ?"

"ఎవరి కోతకి సాగిందో వాళ్ళే ఈదుకెళ్ళి అవతల కట్టాలి బాబూ. మా తాతల నాటి నుంచీ అంతే."

బుల్లబ్బాయి చెవి పట్టుకున్నాడు. పోటు రాలేదు. ముక్కు ఎగబీల్చేడు. జలుబూ లేదు. వారమా, గురువారం.

"వెళ్ళరా, ఎంతలే! నీకిదో లెక్కా?" అన్నాడు ఉదయభాస్కర్. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడండి.

ఒక్క మాట చెప్తే సరిపోను. కానీ పల్లెంతా చూస్తోంది, స్నేహితులిద్దరూ గర్వంగా నవ్వుతున్నారు. ఆ మాట నోట్లోకొచ్చి వెనక్కెళ్ళిపోయింది. బుల్లబ్బాయి నీళ్ళలోకి నడిచేడు. మోకాలు, నడుం, మెడ... ఆ తర్వాత కాళ్ళకింద ఇసక లేదు.

పాయ వాణ్ణి ఎత్తుకుపోయింది. ఓసారి తల కనపడింది, ఓసారి చెయ్యి కనపడింది. దూకబోయిన ఉదయభాస్కర్‌ని త్రిమూర్తులు జబ్బ పట్టి లాగేడు. "అక్కడ సుడుంది! మోకు పట్టు!" ముగ్గురూ లాగేరు. తడిసిన మోకు ఏనుగంత బరువు. వీళ్ళే ఇసకలో జారిపోతున్నారు.

లోవలక్ష్మి చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నీళ్ళలోకి దిగి అరిచింది. "ఒరే అబ్బాయ్! దాచుకున్నది చెప్పరా!"

తల పైకి రాగానే బుల్లబ్బాయి కేకేసేడు. "నాకు ఈత రాదండీ!"

మోకు ఒక్క గుంజు గుంజింది. పదిహేను బారలు!

"ఈత రాదా?" అని నోరు తెరిచేడు ఉదయభాస్కర్. "ఒరేయ్, ఇరవై ఏళ్ళ నుంచీ..."

"ఇంకా చెప్పు!" అంది లోవలక్ష్మి.

"కాకినాడలో కుర్చీ లేదు! డిగ్రీ కూడా పోయింది, మూడు సబ్జెక్టులు!"

ఇంకో ఇరవై బారలు తగ్గింది.

"భాస్కర్! నీ సైకిలు దొంగలెత్తుకుపోలేదురా. నేనే కాలవలో పడేసేను!"

"పడేస్తే పడేసేవు, రారా ముందు!"

"సాయీ! పావనికిమ్మని నువ్విచ్చిన ఉత్తరం నేనివ్వలేదు. తడిసిపోయింది!"

దుర్గాసాయి మోకు వదిలేసేడు. రెండు క్షణాలు నడుం మీద చేతులేసుకుని నిలబడి, మళ్ళీ పట్టుకున్నాడు. "బతికి రా, నీ పని చెప్తాను!"

ఇంక నాలుగు బారలే ఉంది. కానీ ఒడ్డు దగ్గర పాయ వడి మరీ జాస్తి. నీళ్ళు గడ్డం దాటి ముక్కుకొస్తున్నాయి, నిజాలు అయిపోయాయి. బుల్లబ్బాయి ఎంత వెతుక్కున్నా కడుపులో ఒక్కటీ దొరకలేదు. అప్పుడు ఒడ్డున వంగి లాగుతున్న ఇద్దర్నీ చూసేడు. అది కేక కూడా కాదండి, మామూలుగానే అన్నాడు.

"మీరిద్దరూ వెళ్ళిపోతే నేనెందుకూ పనికిరానురా. అదే నా భయం."

మోకు వాణ్ణి అమాంతం ఎత్తి స్నేహితుల మీద పడేసింది. ముగ్గురూ ఇసకలో ఓ కుప్పయ్యేరు. దుర్గాసాయి చెప్పినట్టే నాలుగు దెబ్బలేసేడు. అయిదోది వెయ్యబోయి వాణ్ణి కరుచుకుపోయేడు. ఉదయభాస్కర్ వాడి తల తుడుస్తా, "ఒక్క మాట చెప్తే మేం నేర్పేవాళ్ళం కాదురా వెధవా," అని ఏడ్చేడు.

అందరూ తేరుకున్నాక చూస్తే, అరవై బారల మోకు కాస్తా జానెడైంది. లంకలో చేలు ఎండుతున్నాయి.

"ఏం ఫర్లేదండి, ఇప్పుడే సాగదీసేస్తా," అని బుల్లబ్బాయి మోకు పక్కన కూర్చుని, "మా మావయ్య గేదె..." అన్నాడు. ఆ తర్వాత కోత రాలేదు. గొంతు సవరించుకున్నాడు. "మా మావయ్య గేదె రెండు పూట్లా శేరున్నర ఇస్తది," అన్నాడు. జానెడు జానెడుగానే ఉంది.

త్రిమూర్తులు నిట్టూర్చేడు. లోవలక్ష్మి మాత్రం ఓ పీచు కట్ట తెచ్చి వాడి ఒళ్ళో పడేసింది. "అయితే చేత్తో పేనాలి. ఇద్దరం కూర్చుంటే పది రోజులు. కూడు నేను పెడతాను. ఉంటావా?"

బుల్లబ్బాయి తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఉంటానండి," అన్నాడు.

ఆ పది రోజులు పదేళ్ళయ్యాయనుకోండి. ఇప్పుడా పాయల్లో వాడు పేనని మోకు లేదు. తనూ ఈత నేర్చుకుని, ఆ చేత్తోనే ఊళ్ళో పిల్లలకీ నేర్పేడు.

ఆ పూట మాత్రం స్నేహితులకి బస్సు టైమైపోతోంది. కావలించుకున్నారు, తిట్టుకున్నారు, గట్టెక్కేరు. కింద లోవలక్ష్మి రాట్నం తిప్పుతుంటే బుల్లబ్బాయి నడుంకి కట్టుకున్న ఒడిలోంచి పీచందిస్తా పేనుతున్నాడు. తాడు పేనేవాడు ముందుకి నడవడండి. రాట్నం వైపు మొహం పెట్టి, ఒక్కో అడుగూ వెనక్కేస్తా పోతాడు. రాట్నం అవతల గట్టు మీద ఇద్దరూ సంచులేసుకుని వెళ్ళిపోతున్నారు, ఇవతల వీడు వెనక్కి వెనక్కి పోతున్నాడు. తల తిప్పక్కర్లేకుండానే, వాళ్ళు చీమలంతై కనపడకుండా పోయేదాకా చూసేడు. చేతిలో తాడు ఎక్కడా తెగలేదు.