ఫ్రేజర్‌కిచ్చిన పేరు

పంతొమ్మిదేళ్ళుగా నా పని తప్పులు పట్టడం. షిప్లీలో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో, కుర్రాళ్ళు రాసిన ప్రోగ్రాములు జనం చేతికి వెళ్ళకముందే వాటిని గిల్లి, గిచ్చి, ఎక్కడ ఏడుస్తాయో చూసి చెబుతాను. అలాంటిదాన్ని, ఉద్యోగాలు చూపించే ఫ్రేజర్ అనే ఏజెంటు ఫోన్లో పది నిమిషాలు తియ్యగా మాట్లాడేసరికి బుట్టలో పడ్డాను. పేరు లోర్నా, వయసు నలభై తొమ్మిది, బుద్ధి ఎప్పుడొస్తుందో తెలియదు.

పర్మనెంటు ఉద్యోగం వదిలి కాంట్రాక్టు పనులకు వెళ్దామన్న ఆలోచన మా ఆయన పడవ వల్ల వచ్చింది. డెరెక్ ఇరవై ఏడేళ్ళు ఫైరింజన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. వచ్చిన డబ్బులో కొంత పెట్టి, బింగ్లీ దగ్గర కాలవలో ఉన్న ఒక పాత పడవ కొన్నాడు. వేసవంతా దాంట్లో కాలవల వెంట తిరగాలని ఆయన కోరిక. లాకుల దగ్గర తలుపులు మనమే తోసుకోవాలి, ఆయన మోకాళ్ళు చూస్తే ఇప్పటికే మూలుగుతున్నాయి.

"ఇంకో అయిదేళ్ళు తొయ్యగలను బంగారం. ఆ తర్వాత నువ్వు తోస్తావు, నేను టీ కాస్తాను" అంటాడు.

నాకు ఏడాదికి అయిదు వారాల సెలవు. అదే కాంట్రాక్టు మనిషినైతే, చలికాలం పనిచేసి వేసవి మా ఇద్దరికీ మిగుల్చుకోవచ్చు. అన్నీ బాగానే ఉన్నాయి, గ్లెండాకు చెప్పడమొక్కటే నా వల్ల కాలేదు.

గ్లెండా మా మేనేజరు. నేను బడి భోజనాల దగ్గర గరిటె పట్టుకుని నిలబడే రోజుల్లో, ఏ చదువూ చూడకుండా నన్ను పనిలోకి తీసుకుంది. "రెండొందల మంది పిల్లలకు బఠాణీలు ఒలక్కుండా వడ్డించినదానివి, నీకు కంప్యూటరొక లెక్కా తల్లీ" అంది ఆరోజు. అందుకే చేతిలో ఇంకో పని పడ్డాక, ఆమె ఎదురుగా కూర్చుని నా నోటితోనే చెప్పాలనుకున్నాను. ఇంకొకళ్ళ నోట వినకూడదు.

ఫ్రేజర్ బుధవారం ఫోన్ చేశాడు. "లోర్నా, మీలాంటి మనిషి కోసం లీడ్స్‌లో ఒక బ్యాంకు కాచుక్కూర్చుంది. ఆర్నెల్ల పని. మీ వివరాలు సాయంత్రంలోగా పంపాలి. మీ పని గురించి చెప్పడానికి, రిఫరెన్సుకి ఒక పేరు కావాలి, ఇప్పటి మేనేజరైతే మరీ మంచిది."

"ఆవిడకింకా తెలియదండీ."

"అయ్యో, ఫోన్ చెయ్యం. ఫైల్లో ఉండాలంతే."

ఫైల్లో ఉండాలంతేనన్నాడు కదా అని గ్లెండా పేరూ నంబరూ ఇచ్చాను. స్పెల్లింగు కూడా నేనే దగ్గరుండి సరిచూశాను.

రాత్రి భోజనాల దగ్గర డెరెక్‌కు చెబితే ఫోర్కు కింద పెట్టాడు. "ముక్కూ మొహం తెలియనివాడికి ఇంటి తాళంచెవి ఏ పూలకుండీ కింద ఉంటుందో చెప్పొచ్చావన్నమాట" అన్నాడు. పెద్ద చెప్పొచ్చావులే అని కసిరాను. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

మర్నాడు పదకొండింటికి గ్లెండా అందరికీ టీ తెచ్చింది, నాకు తప్ప. తర్వాత చిన్న గదిలోకి రమ్మంది.

"ఫ్రేజరని ఎవరో ఫోన్ చేశాడు. నువ్వు బాగా తెలుసట."

నేను తలుపు మూశాను.

"నువ్వు వెళ్ళిపోతున్నావట. నీ సీటు ఖాళీ అవుతుంది కదా, తన దగ్గర ముగ్గురు మంచి కాంట్రాక్టు మనుషులున్నారు, ఎవర్ని పంపమంటారని అడిగాడు."

"గ్లెండా, నేనే చెబుదామనుకున్నాను. లీడ్స్ పని ఖాయమయ్యాక..."

"లీడ్సూ లేదు, పనీ లేదు తల్లీ. లేని పని చూపించి మేనేజర్ల పేర్లు లాగే రకం అది. వాడికి కావలసింది నువ్వు కాదు, నేను. నాకు నెలకు రెండొస్తాయి అలాంటి ఫోన్లు." కాసేపు కిటికీలోంచి కార్లకేసి చూసింది. "వాడికి నీతో పది నిమిషాల పరిచయం. వాడు నాకు చెప్పాడు, నువ్వు వెళ్తున్నావని."

నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది. ఏడుస్తూ పడవ గురించీ, మోకాళ్ళ గురించీ, ఆమెకు చెప్పలేక వాయిదా వేసిన నెలల గురించీ అన్నీ చెప్పాను. గ్లెండా విని, జేబులోంచి నలిగిన టిష్యూ తీసి ఇచ్చింది.

"అడిగినవాడికల్లా ఇచ్చెయ్యకూడదని నీకు నేర్పలేకపోయాను" అంటూ ఒక చీటీ మీద నంబరు రాసింది. "నోరీన్, హడర్స్‌ఫీల్డ్. మనకు మనుషుల్ని పంపేది ఈవిడే. నోరు మంచిది కాదు, మాట మంచిది. ఏ కంపెనీయో ముందే చెబుతుంది. నువ్వు సరేననకుండా నీ కాగితం గడప దాటించదు. పేర్లంటావా, ఆఖర్న అడుగుతుంది."

నోరీన్ మొదటి మాటే, "మానెయ్యడానికి నోటీసెంత?" అని.

"పన్నెండు వారాలు."

"పన్నెండు వారాలు ఆగే కాంట్రాక్టును నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదమ్మా. బ్రాడ్‌ఫర్డ్‌లో ఒకటుంది, నాలుగు వారాల్లో మనిషి కావాలి. నాలుగని చెప్పేస్తున్నాను. మీ మేనేజర్ని ఒప్పించుకోవడం నీ పని."

బ్రాడ్‌ఫర్డ్ వాళ్ళు పిలిచారు, మాట్లాడారు, నచ్చానన్నారు. ఇక గ్లెండా ఇవ్వాల్సిన రిఫరెన్సు, పన్నెండు వారాల నోటీసును నాలుగు చేసే కాగితం మీద ఆమె సంతకం మిగిలాయి. ఆమె కాదంటే బ్రాడ్‌ఫర్డ్ పోతుంది, దాంతోపాటు డెరెక్ వేసవీ పోతుంది. కాదనే హక్కు ఆమెకుంది, కారణం నేనే చేతికిచ్చాను. ఆ కాగితం ఆమె బల్ల మీద పెడితే "చూద్దాంలే" అంది. నాలుగు రోజులు అది అక్కడే ఉంది. అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

మంగళవారం నోరీన్ రిఫరెన్సు కోసం ఆమెకు ఫోన్ చేసింది. గ్లెండా గొంతుకు మెల్లగా మాట్లాడటం తెలియదు. నేను తల ఎత్తకుండా తెర మీద అక్షరాలు చూస్తూ కూర్చున్నాను.

"వేళకొస్తుంది... ఆఁ, తప్పు దొరికితే తానే చేసినట్టు బాధపడుతుంది, అదొక్కటే దాంతో బాధ... జబ్బు సెలవులా? పంతొమ్మిదేళ్ళలో ఆరు. అందులో ఒకటి అబద్ధం, ఆరోజు మొగుడి పుట్టినరోజు. నాకు తెలియదనుకుంటోంది."

పక్క సీట్ల వాళ్ళు నవ్వారు. తర్వాత నోరీన్ ఇంకేదో అడిగినట్టుంది. గ్లెండా కుర్చీ నా వైపు తిరిగిన చప్పుడైంది. నేను తలెత్తి చూశాను. ఆమె నన్నే చూస్తోంది.

"అవకాశమొస్తే మళ్ళీ తీసుకుంటానా అనా?" అంది. "వదిలితే కదమ్మా, మళ్ళీ తీసుకోడానికి."

ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, రెండో చేత్తో ఆ కాగితం ముందుకు లాక్కుని, సంతకం పెట్టింది.