చెప్పి చేయించిన పొరపాటు

నన్నీ బీ గడప దగ్గర వెలుతురులో కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతూ ఉంది. రామసుబ్బమ్మ చెప్పులు కూడా విడవకుండా వచ్చి, ఆమె మీదికి వంగి గొంతు తగ్గించింది.

"మా నాగవేణి నిన్న జాకెట్టు ముక్క ఇచ్చిపోయింది గదా. వెనక మెడ ఎంత పెట్టమనింది?"

"తొమ్మిదించులు. చేతులు పొట్టిగా. వెనక తాళ్ళు."

"మూడు పెట్టు. చేతులు మోచేతి దాకా రానీ. తాళ్ళూ గీళ్ళూ వద్దు."

"ఆ పాప ఒప్పుకునిందా అక్కా?"

"కోడలికి చెప్తే మాటకు మాట అంటాది. సచివాలయంలో ఉద్యోగం గదా, నోరుండాది. ఆ ఈపు అందరికీ కనపడేట్టు ఆఫీసుకు పోవడం మావోడికి ఇష్టం లేదు. వాడు చెప్పలేడు. నేను చెప్తే అత్త ఆరళ్ళంటారు. నువ్వు కుట్టెయ్. అడిగితే పొరపాటయిందను. విప్పి మళ్ళీ కొయ్యమంటే గుడ్డ పాడవుతాదను." పోతూ పోతూ వెనక్కి తిరిగి నవ్వింది. "కప్పుకునేది మీవోళ్ళకు ఒకరు నేర్పించాల్నా?"

పద్దెనిమిదేళ్ళుగా రామసుబ్బమ్మ ఇంటి గుడ్డలన్నీ నన్నీ బీ మిషను మీదే కుట్టుపడుతున్నాయి. మైదుకూరులో ఆమె ఉండే వీధి వీధంతా ఈ గడపకు వచ్చిందంటే ఆమె చెప్పబట్టే. ఆ వీధి గుడ్డలే ఈ ఇంటి అన్నం. అయితే ఆమె ఊరికే చెప్పలేదు. నన్నీ బీ టేపు పెడితే కొలత తప్పదు కాబట్టి చెప్పింది. ఏ ఆడమనిషికి ఏ భుజం కొంచెం జారి ఉంటుందో, ఎవరు బిడ్డకు పాలు తాపుతున్నారో, ఎవరు దిగులుతో చిక్కిపోయారో నన్నీ బీ చేతులకు తెలుసు. తెలిసింది ఏనాడూ నోటితో చెప్పలేదు. ఇంట్లో మాత్రం తప్పు ఎవరిదైనా ఆమె మీదకే వచ్చేది. మొగుడు దాదా ఖలందర్ అంగడి మూతబడితే, "ఇది కాలు పెట్టిన వేళ అట్లాంటిది" అనింది అత్త. రెండోసారీ ఆడపిల్ల పుడితే ఆమె తప్పు. అన్నం మాడితే ఆమె తప్పు. ఒకసారి కరెంటు పోయినా ఆయన ఆమెనే తిట్టాడు. అన్నిటికీ పొరపాటయింది, పొరపాటయింది అని తలూపుతూ వచ్చింది. ఎట్లా ఊపగలిగిందంటే, మిషను ముందు కూర్చున్నప్పుడు ఆమె తప్పు చెయ్యదు. ఆ ఒక్కచోటే. రామసుబ్బమ్మ ఇప్పుడు వచ్చి అడిగింది ఆ ఒక్కచోటునే.

అన్నం పెడుతూ మొగుడికి చెప్పింది. ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు.

"పొరపాటయిందని ఒక మాటంటే నోరు అరిగిపోతాదా? ఇంట్లో రోజూ అనే మాటే గదా."

మరుసటి రోజు నన్నీ బీ కొలతల పుస్తకం మూసి పక్కన పెట్టి ఆ గుడ్డ కోసింది. తెరిచి ఉంటే కోయలేనని తెలుసు.

నాగవేణి వచ్చి తెర వెనక జాకెట్టు వేసుకుని చూసుకుంది. చాలాసేపు బయటికి రాలేదు.

"నేను చెప్పిందేంది ఆంటీ, మీరు కుట్టిందేంది?"

"పొరపాటయింది పాపా."

"పొరపాటు మెడకు వచ్చింది సరే. చేతులకు కూడా వచ్చిందా?"

నన్నీ బీ మిషను మీద లేని దుమ్ము తుడిచింది. విప్పి కొయ్యమంటే, గుడ్డ పాడవుతుందని రెండో అబద్ధం కూడా చెప్పింది. రెండో జాకెట్టుకూ ఇదే జరిగింది. మూడోసారి నాగవేణి అడగను కూడా అడగలేదు. మడిచి సంచిలో పెట్టుకుని పోయింది.

ఈలోగా ఆ వీధి ఈరక్క వచ్చి, కోయని ముక్క కోయనట్టే వెనక్కి తీసుకుంది. "ఏమీ అనుకోగాకు నన్నీబీ. బద్వేలులో మా చెల్లెలు కుట్టిస్తానంటాది" అనింది. ఆమె చెల్లెలు బద్వేలులో ఉండదని నన్నీ బీకి తెలుసు. ఇంకో ఇద్దరు రావడం మానేశారు. కారణం రేషన్ అంగడి వరుసలో తెలిసింది. ముందర రామసుబ్బమ్మ ఎవరితోనో చెప్తోంది.

"నన్నీబీకి ఈ మధ్య చూపు ఆనడం లే, పాపం. మా కోడలి జాకెట్లన్నీ చెడగొట్టింది. పాతమనిషి గదా, ఏం చేస్తాం, ఓర్చుకుంటాండాం."

అంటూనే వెనక్కి తిరిగి, నాలుగడుగుల దూరంలో నన్నీ బీని చూసింది. తడబడలేదు. దగ్గరికొచ్చి భుజం తట్టింది. "కండ్లద్దాలు తీసుకో మే" అనింది. వరుసలో ఆడవాళ్ళు జాలిగా చూశారు. నన్నీ బీ ఏమన్నా, రామసుబ్బమ్మ మాటా ఆమె మాటా ఒకటే బరువు తూగవు. బియ్యం తీసుకుని ఇంటికొచ్చింది. సంచి దించాక కూడా ఆ చెయ్యి భుజం మీదే ఉన్నట్టుంది.

తరువాతి వారం నాగవేణి తన చెల్లెలి పెళ్ళికని పట్టు ముక్క తెచ్చింది. అంతకుముందే రామసుబ్బమ్మ ఫోన్ చేసి, "మూడే. మర్సిపోగాకు" అని పెట్టేసింది. నన్నీ బీ టేపు తీసి ఆ పిల్ల మెడ వెనక ఆనించింది. మొగుడు బయట మంచం మీద పడుకుని ఉన్నాడు. ఆయనకు వినపడినా సరేననుకుంది.

"పాపా, నా కండ్లు బాగుండాయి. ఆ మూడు జాకెట్లూ నాకు చెప్పి కుట్టించినారు."

నాగవేణి వెనక్కి తిరగలేదు.

"తెలుసు ఆంటీ."

"ఎవరు చెప్పినారు?"

"మా ఆయనే. మొదటిది వేసుకున్న రోజే. ఎట్ల కుట్టించినామో చూడు అని నవ్వినాడు."

"మరి నన్నడగలేదే?"

"రెండుసార్లు అడిగినా గదా. మీరు పొరపాటన్నారు."

టేపు నన్నీ బీ చేతిలోనే ఉండిపోయింది. ఆ అబద్ధం ఎవరి కోసం చెప్పినట్టు? కొడుక్కి తెలుసు, తల్లికి తెలుసు, కోడలికీ తెలుసు. మూడు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ మోసపోలేదు. పోయింది తన పేరు ఒక్కటే. తన దగ్గర ఒక్క నిజం దొరికితే ఆ ఇంట్లో ఈ పిల్లకు కాస్త ఊతం దొరికేదేమో. అదీ ఇవ్వలేకపోయింది.

"మీ అత్తకు ఫోన్ చెయ్" అనింది నన్నీ బీ. "నీ కొలత ఎవరు చెప్పాలన్నా నీ ముందరే చెప్పాల. లేకుంటే ఈ ముక్క నేను కొయ్యను."

నాగవేణి ఒక్క క్షణం ఆమె మొహం చూసింది. తరువాత ఫోన్ స్పీకర్లో పెట్టింది.

"అత్తా, జాకెట్టు కొలతలిస్తాండా. వెనక మెడ ఎంత పెట్టించాల?"

అటువైపు కాసేపు టీవీ చప్పుడే వినిపించింది.

"నన్నడుగుతావేంది మే? నీ ఈపు, నీ జాకెట్టు. నేనెప్పుడన్నా నీ గుడ్డల జోలికొచ్చినానా?" మళ్ళీ టీవీ చప్పుడు. "నన్నీబీ ఆడనే ఉండాదా?"

"ఈడనే ఉండాదత్తా. వింటాంది."

ఫోన్ కట్టయింది.

నన్నీ బీ పట్టు ముక్క పరిచి, తొమ్మిది దగ్గర సుద్ద పెట్టింది. బయట మంచం కిర్రుమంది.

"ఇంక ఆ వీధి మన గడప తొక్కదు, తెలుసా నీకు?" అన్నాడు దాదా ఖలందర్.

తెలుసు. తెలిసే కోసింది.