ఎత్తు ఎవరిది?

అత్తయ్యతో కలిసి ఆరిన బట్టలు మడతపెడుతూ చెవిలో మీటింగు వింటున్నాను. కెమెరా ఆపేసి ఉంది కాబట్టి నా ఒళ్ళో మా ఆయన చొక్కాలున్న సంగతి ఆఫీసులో ఎవరికీ తెలీదు. నా ఉద్యోగం చెస్ ఆడించే సాఫ్ట్‌వేర్ రాయడం. నలుగురిలో మా ఆయన చెప్పే తీరు వేరు: "మా ఆవిడ ఇంట్లో కూర్చుని చెస్ ఆడుకుంటుంది, వాళ్ళు జీతం ఇస్తారు." అందరూ నవ్వుతారు. అలవాటై నేనూ నవ్వేదాన్ని.

ఆ వారం నా మీద పడ్డ పని చిన్నదే. ఆట ఎక్కడిదాకా వచ్చిందో ఒకే వరుసలో రాసే పద్ధతి ఒకటుంది. ముందు ఏ పావు ఏ గడిలో ఉందో రాయాలి, తర్వాత ఇప్పుడు ఆడాల్సిన ఎత్తు తెల్లదా నల్లదా, రాజు ఏనుగు చాటున కోటలోకి వెళ్ళే వీలు ఇంకా ఉందా, ఇలా. జనం పావుల దాకా రాసి తక్కినవి వదిలేస్తారు. అలాంటి వరుస కనబడితే మా ప్రోగ్రాం మొహం మాడ్చుకుని ఆగిపోతోంది.

"ఖాళీ ఉంటే తెల్లదే ఎత్తు అని నింపెయ్యండి, ఎవరు చూడొచ్చారు," అన్నారు టీమ్ లీడర్. నింపేశాను. పెళ్ళయిన కొత్తలో ఇంట్లో నా ఖాళీలూ అలాగే నింపేవారు. "తనకి ప్రయాణాలు పడవు." "తను తర్వాత తింటుందిలే." "తనకేం, ఏదైనా ఫర్వాలేదు." వినగా వినగా నాకూ అవే నిజమనిపించాయి. కిటికీ పక్క సీటంటే నాకెంత ఇష్టమో కూడా మర్చిపోయాను.

నింపాక సరిచూద్దును కదా, ఎవరో పంపిన ఆటలో నల్ల రాజుకి అప్పటికే చెక్ ఉంది. అంటే ఎత్తు నల్లదే అయి తీరాలి. మేం తెల్లదని రాసేశాం కాబట్టి తెల్ల ఏనుగు తిన్నగా వెళ్ళి రాజుని తినేసింది. చెస్‌లో రాజుని తినడమన్నదే లేదు. రాజు లేకుండా ఆట హాయిగా నడిచిపోతోంది. నాకు నవ్వాగలేదు.

మీటింగులో నా వంతు రాగానే చొక్కా పక్కన పెట్టి అదంతా చెప్పాను. "బోర్డుని చూస్తే తెలిసేవి బోర్డునే అడుగుదాం. చెక్ ఉంటే ఎత్తు ఎవరిదో తెలిసిపోతుంది. రాజు తన గడిలో లేకపోతే కోట మాటే లేదు. చూసినా తెలియనిది ఆడేవాళ్ళనే అడుగుదాం."

"ప్రతిదీ అడిగితే విసుక్కుంటారండీ," అన్నారు లీడర్.

"అడిగితే ఎవరూ విసుక్కోరండీ. అడక్కుండా వాళ్ళ బదులు ఆడేస్తేనే ఒళ్ళు మండుతుంది."

గొంతు నేననుకున్నదానికంటే పెద్దదైంది. టెస్టింగ్ చేసే అమ్మాయి పకపకా నవ్వింది. "సరే, మీరన్నట్టే రాయండి," అన్నారు లీడర్, ఆయనా నవ్వుతూనే.

మీటింగు అయ్యాక, ఎదురుగా దుప్పటి రెండో కొస పట్టుకుని నిలబడ్డ అత్తయ్య, "ఎవరినమ్మా అడగమంటున్నావు?" అన్నారు. విడమరిచి చెప్పాను. ఆవిడ దుప్పటి మడత పూర్తిచేసి, "నన్ను పెళ్ళికి కూడా అడగలేదు," అన్నారు, ఏదో తమాషా గుర్తొచ్చినట్టు. నవ్వు మొదలయ్యాక ఇద్దరికీ ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ, "ఆ ఆటేదో నాకూ నేర్పు," అన్నారు.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి కంప్యూటర్ ముందు ఇద్దరం కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాం. అత్తయ్య అప్పటికే నా బంట్లు రెండు తినేసి మహా హుషారుగా ఉన్నారు.

"వంట కాలేదా ఇంకా?"

"లేదురా," అన్నారు అత్తయ్య, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆయన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి వంటింట్లోకి వెళ్ళారు. గిన్నెలు చప్పుడయ్యాయి. కాసేపటికి కేక వినబడింది. "బియ్యం డబ్బా ఎక్కడుంది?"

ఇన్నేళ్ళూ అలాంటి కేకకి నాకంటే ముందు నా కాళ్ళు లేచేవి. ఇప్పుడు నేను కదల్లేదు. అత్తయ్య లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"వెతుక్కుంటారు లెండి," అన్నాను. "మీ గుర్రం సంగతి చూసుకోండి."