కుర్చీలోంచి లేవలేని రోజు

రోజూ తొమ్మిదింటికి బైండింగ్ షాపు తలుపు తీసేది ఆమే. మైదా జిగురు ఉడికించి, నిన్న కుట్టిన పుస్తకాలను బరువు కింద నుంచి తీసి, అట్టలు కోసుకునేసరికి యజమాని వచ్చేవాడు. వస్తూనే ఆమె మొహం చూసి, "ఏరా, ఇవాళ ఒక చెక్కా, రెండు చెక్కలా?" అని అడిగేవాడు. ఎన్నంటే అన్ని చెక్కముక్కలు, స్టూలు కుంగకుండా దాని కాళ్ళ కింద దోపి తన పనిలో పడేవాడు.

సిగ్గుపడితే బరువెక్కడం వాళ్ళ వంశంలోనే ఉంది. వాళ్ళ నాయనమ్మ ఒకసారి పదిమందిలో అబద్ధం బయటపడి మంచం కోళ్ళు విరగ్గొట్టింది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. ఈమె బస్సెక్కితే కండక్టరు, "మధ్యలోకి జరగవయ్యా, ఒకవైపుకి ఒరుగుతోంది" అనేవాడు, అంతే.

అందరూ ఆమెను అబ్బాయనే అనుకునేవాళ్ళు. కాదని ఆమెకు పన్నెండో ఏటే తెలుసు. ముప్పై ఒకటో ఏట ఆ సంగతి అక్కకు ఒక్కదానికే చెప్పింది. అక్క తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ, "మరి డాక్టరుకు చూపించుకోవాలి కదా. ఏ డాక్టరుకు?" అంది.

ముందు చిన్నప్పటి నుంచీ చూస్తున్న డాక్టరు దగ్గరికే వెళ్ళింది. ఆయన బయట కూర్చున్నవాళ్ళకు వినబడేలా నవ్వి, "పెళ్ళి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. ఆమె కింద ఉన్న కుర్చీ ఫెళ్ళున విరిగింది. కాంపౌండరు ముక్కలేరి ఇంకో కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు.

తర్వాత పెద్దాసుపత్రి. కౌంటరులో అమ్మాయి ఫారం చూసి, "ఆడా మగా అన్నచోట రెండూ కొట్టేశారేంటి? ఏదో ఒకటి చెప్పండి!" అని అరిచింది. హాలంతా తిరిగి చూసింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. లిఫ్టు మోయలేక కిందే ఉండిపోతే, అయిదంతస్తులూ కాళ్ళీడ్చుకుంటూ ఎక్కింది. హార్మోన్ల డాక్టరు తల ఎత్తకుండానే, "ఇలాంటి కేసులు మేం చూడం" అన్నాడు. మరెవరు చూస్తారో అడక్కుండానే ఆమె మెట్లు దిగింది. ఇంటికి వెళ్ళే దారిలో, అప్పుడే వేసిన తారులో ఆమె అడుగులు చీలమండల దాకా దిగాయి.

నాలుగు నెలలు ఎక్కడికీ వెళ్ళలేదు. అప్పుడొక వైద్య విద్యార్థిని తన థీసిస్ బైండింగుకు ఇచ్చి వెళ్ళింది. మడిచిన పేజీల కట్టలు కుడుతూ కుడుతూ ఆమె సూది ఆపింది. తనలాంటివాళ్ళకు చేసే వైద్యం గురించి రాసిన పుస్తకమది. చివర కృతజ్ఞతల పేజీలో ఒక డాక్టరమ్మ పేరూ, క్లినిక్కు చిరునామా ఉన్నాయి. పరాయివాళ్ళ ఉత్తరం దొంగచాటుగా చదువుతున్నట్టు అటూ ఇటూ చూసి, వాటిని అట్టముక్క మీద రాసుకుంది. ఆ రోజు మూడు చెక్కలు పట్టాయి.

"నేనూ రానా?" అంది అక్క.

"వద్దక్కా. నా పక్కన నిన్నెవరైనా చూస్తే నాకు మొహం చెల్లదు."

చెప్పుల కొట్టు పైన రెండు గదుల క్లినిక్కది. మధ్యాహ్నం వేళ. నర్సు ఇనప కుర్చీ చూపించి, పిలుస్తానని లోపలికి వెళ్ళింది. ఎదురుగా ఒక పొడుగాటావిడ ఒళ్ళో గొడుగు పెట్టుకుని కూర్చుంది. కూర్చోగానే ఆమె ఆవిడను గుర్తుపట్టింది.

ఆ గొడుగావిడ రెండేళ్ళ క్రితం ఫోటో ఆల్బంకు అట్ట వేయించుకోడానికి షాపుకొచ్చింది. గొంతు బొంగురుగా ఉందని పనివాళ్ళు ఆవిడ ముందే ఆ గొంతును అనుకరించారు. అందరూ నవ్వారు. తనమీద ఎవరికీ అనుమానం రాకూడదని ఆమె అందరికంటే గట్టిగా నవ్వింది. గొడుగావిడ ఆల్బం మళ్ళీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆమె పారిపోదామని లేవబోయింది. లేవలేకపోయింది. ఇనప కాళ్ళు గచ్చులో బెత్తెడు దిగబడ్డాయి. ఇన్నాళ్ళూ సిగ్గు ఆమెను ఇంటికి తరిమేది. ఈసారి కదలనివ్వలేదు.

"మీరు బైండింగ్ షాపులో కదా?" అంది గొడుగావిడ.

"అవునండి."

"ఆ రోజు నవ్వారు."

"నవ్వానండి. అందరికంటే గట్టిగా." ఇంకేదో చెప్పబోయింది కానీ, ఏం చెప్పినా సాకులాగే ఉంటుందనిపించింది. కుర్చీ ఇంకాస్త దిగింది.

నర్సు వచ్చి పిలిచింది. ఆమె లేవకపోవడం చూసి, కుర్చీ కాళ్ళ వైపు చూసి, లోపలికి వెళ్ళింది. కాసేపటికి తెల్లజుట్టు డాక్టరమ్మ పొట్టి స్టూలు ఈడ్చుకుంటూ వచ్చి ఆమె ముందు కూర్చుంది.

"మీరు రాలేకపోతే నేనొస్తాను, దానికేముంది. ఈవిడను లోపల కూర్చోమననా?"

గొడుగావిడ అప్పటికే లేచింది.

"ఉండనివ్వండి," అంది ఆమె.

"సరే. మిమ్మల్ని ఏమని పిలవమంటారు?"

అద్దం ముందు తప్ప ఎక్కడా అనని పేరు చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంటూ ఆగి, "చివర దీర్ఘం ఉందా?" అంది.

"ఉందండి."

దీర్ఘం పెట్టింది. "ఇవాళ మందులేమీ ఇవ్వను. ముందు మాట్లాడుకుందాం. రక్తపరీక్షలున్నాయి, మనసు డాక్టరు ఒకావిడను కలవాలి. ఆవిడ మీరు చెప్పేది వింటారు, నవ్వరు. నెలలు పడుతుంది. నాకు తెలియనిది తెలియదనే చెబుతాను. సరేనా?"

ఆమె తలూపింది. మాట్లాడటం మొదలుపెట్టింది. మధ్యలో ఎన్నిసార్లు ఆగినా డాక్టరమ్మ తొందరపెట్టలేదు. గంట గడిచాక లేచి నిలబడగలిగింది, కానీ బరువు సగం కూడా దిగలేదు. మెట్ల దగ్గర ఆగిపోయింది. వెనకనుంచి గొడుగావిడ వచ్చి చెయ్యి చాచింది.

"ఆ రోజు తప్పు చేశానండి," అంది ఆమె.

"చేశారు," అంది గొడుగావిడ.

పరవాలేదని మాత్రం అనలేదు. ఒక్కొక్కటీ దిగుతుంటే చెక్క మెట్లు మూలుగుతున్నాయి. "మెల్లగా," అంది. వీధిలోకి వచ్చేదాకా చెయ్యి వదల్లేదు.