టాబిత అన్న ‘ప్షా’

ఇస్త్రీపెట్టె అడుగున ఉమ్మితే చుయ్‌మంది. టాబిత సట్‌క్లిఫ్ దాన్ని చెంప దగ్గరికి తెచ్చి వేడి చూసుకుని, పాదిరిగారి తెల్లంగీ మడతల మీదికి దించింది. ఉత్తర ఇంగ్లండులోని హాలిఫాక్స్ కొండవాలు లాండ్రీలో, ఆ బల్ల ముందే ఆమె వయసంతా ఆవిరైపోయింది. కుడి భుజం దిగజారింది. మణికట్టు మీది పాత కాలిన మచ్చలు గంజి పూసినట్టు మెరుస్తాయి.

ఎవరైనా మెచ్చుకుంటే “ప్షా!” అనేది. ఒంట్లో బాగుందా అంటే “పిష్!” మరీ ముద్దు చేస్తే “ఫిడిల్‌స్టిక్స్!” అన్నీ ‘ఛీ, చాల్లే’ లాంటి కసుర్లే. తల్లి నోటి నుంచి వచ్చిన ఆస్తి అదొక్కటే. ఆ ఊళ్ళో సంతోషం పైకి చూపించడమంటే నడివీధిలో బట్టలిప్పుకున్నంత సిగ్గు. మంచిమాటని ముందు ఛీకొట్టి, తర్వాత లోపల దాచుకోవాలి. దక్షిణాది నుంచి వచ్చిన రైల్వే కూలీ ఆల్బర్ట్‌కి ఇది తెలియదు. పెళ్ళాడతావా అని అడిగితే, సంబరం పట్టలేక “ఫిడిల్‌స్టిక్స్!” అంది. అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెనక్కి పిలిచే నోరు ఆమెకి లేదు. ఆ తర్వాత ఎవరూ ఆమె గడప తొక్కలేదు. ఛీ అన్నచోటికి రెండోసారి వచ్చే ఓపిక లోకానికెక్కడిది?

మధ్యాహ్నం నెల్లీ వచ్చింది. టాబిత దగ్గరే పని నేర్చుకున్న పిల్ల, ఈమధ్యే బిడ్డని కంది.

“రేపు చర్చి అయ్యాక పిల్లదాన్ని మీ ఇంటికే తెస్తున్నా, టాబిత ఆంటీ. మా అత్తగారింటి కన్నా ముందు.”

“ప్షా! నా కొంపలో ఏముందే చూడ్డానికి?”

“మీరున్నారుగా.”

“ఫిడిల్‌స్టిక్స్!”

“అనండి, అనండి. మీ కసుర్లు నమ్ముంటే నాకీ పని వచ్చేదే కాదు. టీకి నీళ్ళు పడెయ్యండి, చాలు.”

నెల్లీ నవ్వుకుంటూ పోయింది. టాబిత తల వంచుకుని అదే మడతని మళ్ళీ మళ్ళీ రుద్దింది. తన మాట నమ్మని మనిషి ఒక్కతైనా పుట్టినందుకు దేవుడికి మనసులోనే కృతజ్ఞత చెప్పుకుంది. సాయంత్రం కొండ ఎక్కుతుంటే గుండెల్లో పట్టేసింది. “పిష్!” అని దాన్నీ కసిరి, కిరాణా దుకాణం వైపు తిరిగింది.

ఆదివారం నెల్లీ తలుపు తోసేసరికి టాబిత మంచి గౌను తొడుక్కుని, కుర్చీలో తల వాల్చి ఉంది. చెయ్యి చల్లగా తగిలింది.

“మీ చలవే ఆంటీ, నా ఈ బతుకంతా,” అంది నెల్లీ ఏడుస్తూ, బిడ్డని గుండెకి అదుముకుని. ఈసారి ఎవరూ కసరలేదు.

బల్ల మీద, ఆ ఊరి ఆనవాయితీగా పసిబిడ్డ మొదటిసారి ఇంటికొస్తే చేతిలో పెట్టేవి సిద్ధంగా ఉన్నాయి: ఉప్పు పొట్లం, ఒక అగ్గిపుల్ల, గంజిపెట్టి ఇస్త్రీ చేసిన చేతిరుమాలులో దొర్లకుండా కూర్చోబెట్టిన కోడిగుడ్డు.