లేబుల్ ఊడిన సీసా

మా తోడల్లుడు పెళ్లాం పిల్లలతో మా ముందుగదిలోకి దిగి ఏడు నెలలైంది. పొద్దున్నే అతను పుక్కిలించే చప్పుడుకు వీధి వీధంతా లేస్తుంది. వైను రుచి చూసి మంచిచెడ్డలు చెప్పడం అతను చదివిన చదువు. నేను పనిచేసే హోటల్లోనే అతన్ని ఒక నెల పెట్టుకుని చూస్తామన్నారు. ఖాయమైతే వేరే ఇల్లు తీసుకుంటానన్నాడు. కాబట్టి ఆ ఉద్యోగం అతనికన్నా నాకే ఎక్కువ అవసరం.

నాది నేలకింద సీసాల కొట్టు. ఇరవై ఏళ్లుగా సీసాలతోనే కాపురం. అవి మాట్లాడవు, నాకూ అదే సుఖం.

నెల ఆఖరురోజున ఓనరుగారి తల్లి కొట్టులోకి దిగింది. ఆవిడకు దుమ్ము పడదు. నేను భోంచేసి వచ్చేసరికి ఫ్రాన్సునుంచి వచ్చిన నలభై ఏళ్ల ఎర్రవైను సీసానూ, దాని పక్కనే ఉన్న మూడేళ్లదాన్నీ పీచుపెట్టి తోమి, తుడిచి నిలబెట్టింది. లేబుళ్లు బకెట్లో తేలుతున్నాయి.

"ఎంత మురికి పట్టించావురా!"

"నలభై ఏళ్లదండీ."

"పైగా చెప్పుకుంటున్నావా?"

ఓనరుగారు వచ్చి నెత్తిన చేతులు పెట్టుకున్నారు. అంతలో మా తోడల్లుడు కంటబడ్డాడు. "ఏది పాతదో మీరు తేల్చండి. తేలిస్తే రేపట్నుంచి ఉద్యోగం మీదే. లేదంటే..." అని ఆగిపోయారు.

"బిరడాలు నాకు చూపించకు అన్నయ్యా. వాటిమీద సంవత్సరం అచ్చేసి ఉంటుంది. నాలుకే చెప్పాలి," అన్నాడు తోడల్లుడు.

సీసాలు రెండూ పైకి హాల్లోకి పట్టుకెళ్లాను. మొదటి బిరడా బిగువుగా, కొత్తగా వచ్చింది. రెండోది సగానికి విరిగింది, సంవత్సరం మాత్రం మిగిలింది. రెండూ గుప్పిట్లో పెట్టుకుని వైను వంచాను. మొదటి గ్లాసులో నేరేడుపండు రంగు. రెండోదానిలో అంచు వెలిసి ఇటుకరంగుకు తిరిగింది. పని తెలిసిన కళ్లు ఎవరికున్నా అదే పాతదని తెలుస్తుంది. మా తోడల్లుడు కళ్లు మూసుకున్నాడు. అలా మూసుకుంటే గొప్పగా ఉంటుందని ఎవరో చెప్పారట.

మొదటి గ్లాసులోకి ముక్కు దింపాడు. మళ్లీ పైకి వస్తుందో రాదో అనుకున్నాను. తర్వాత పుక్కిలించాడు.

"ఇందులో పాత తోలు ఉంది. రాలిన ఆకులున్నాయి. తడిసిన అడవి ఉంది."

"ఇంకా?" అన్నారు ఓనరుగారు, ఊపిరి బిగబట్టి.

"ఏదో విషాదం కూడా ఉంది."

"వడకట్టి పోయాల్సింది," అంది పెద్దావిడ.

రెండోది ఒక్క గుక్క నోట్లో తిప్పి ఉమ్మేశాడు. "ఇది నిన్నగాక మొన్నటిది. పాతది మొదటిదే."

"రెండోది నాసిరకమని రంగు చూస్తేనే తెలీడంలా, వెలిసిపోయి!" పెద్దావిడ వంతపాడింది.

ఓనరుగారు నావైపు చెయ్యి చాచారు. "ఆ మొదటిదాని బిరడా ఇలా ఇవ్వు."

గుప్పిట్లో రెండున్నాయి. ముందుగదిలో ఆరేసిన బట్టలు కళ్లముందు కదిలాయి. విరిగిన బిరడా తీసి ఇచ్చాను. సంవత్సరం చదివి ఓనరుగారు మా తోడల్లుణ్ణి గట్టిగా కౌగిలించుకున్నారు. ఆ మూడేళ్లదాన్ని అందరూ కళ్లు మూసుకునే తాగారు. "రెండోది కూరలో పోసెయ్," అన్నారు నాతో.

పోయలేదు. కిందికి తెచ్చుకుని టీగ్లాసులో వంచుకున్నాను. ముందు మూసిపెట్టిన పెట్టె వాసన వేసింది. కాసేపు వదిలేస్తే పెన్సిల్ చెక్కిన పొట్టు, ఆ వెనక చెప్పులు కుట్టేచోటి వాసన. నాలుకమీద వగరు ఉందో లేదో అన్నట్టుంది. మింగాక చాలాసేపు పోలేదు. బాగుంది.

మా తోడల్లుడు మెట్లు దిగి వచ్చాడు. నా గ్లాసు అంచు చూశాడు. మొహం పాలిపోయింది.

"అన్నయ్యా... ఇదా?"

"ఇదే."

"మరి చెప్పలేదేం?"

"ఇల్లు ఎప్పుడు మారుతున్నారు?"

"వచ్చే నెల్లో... మంచి ఇల్లు దొరకాలి కదా."

"దొరికింది. నేను చూశాను. శనివారం సామాను మొయ్యడానికి నేనూ వస్తాను," అని అతనికీ ఒక గ్లాసు వంచాను.