బుర్ర ఉన్న కుక్క

"ఈసారి కాస్త బుర్ర ఉన్న కుక్కని చూడు," అన్నారు మా ఆయన, నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. "ఒకసారి చెబితే వినాలి. పోయినసారిలా మొద్దుని తగిలించకు."

పోయినసారి తగిలించింది నేను కాదు. చెవులు బాగున్నాయని ముచ్చటపడి ఆయనే కుక్కల షెల్టర్ నుంచి తెచ్చారు. అయినా కాలర్ మీద నీళ్ళు చిలకరిస్తూ సరేనన్నాను. ఆ కుక్క మొద్దు కాదని ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

దానికి మా ఇంట్లో ముగ్గురు గురువులు. మా ఆయన వీడియోలు చూసి వచ్చి "సిట్" అనేవారు. మా అత్తగారు "కూలబడవే" అని కసిరేవారు. మా అమ్మాయి "బంగారూ, బుద్ధిగా కూర్చోమ్మా" అని బతిమాలేది. అది ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసి, తోక ఊపుతూ నిలబడే ఉండేది. దీని బుర్రలో ఉన్నది మట్టేనని మా ఆయన తేల్చేశారు. మొద్దు అన్న పేరే దానికి ఖాయమైపోయింది.

నాకు ల్యాబులో ఉదయం డ్యూటీ. రక్తం సీసాలకి చీటీలు అంటించి, మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరేదాన్ని. అమ్మాయి బడి నుంచి రావడానికీ, అత్తగారు నిద్ర లేవడానికీ ఇంకో గంట పట్టేది. ఆ గంటలో బట్టలు మడతపెడుతూ దానికి ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పేదాన్ని. పది రోజుల్లో కూర్చోవడం నేర్చుకుంది. నెల తిరక్కుండా, ఆగమంటే తిండి గిన్నె ముందున్నా ఆగింది. ఒకరోజు కింద పడిన సాక్సు నోట కరిచి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో నేను అడక్కుండా ఒకరు నాకు పనిలో సాయం రావడం అదే మొదలు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మరి ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి. అత్తగారి మందుల వేళలు ఒకసారి నేను గుర్తు చేశాను. "నీకైతే గుర్తుంటాయమ్మా" అన్నారావిడ. ఎనిమిదేళ్ళుగా ఆ పని నాదే. అమ్మాయికి ఒక లెక్క అర్థమయ్యేలా చెప్పాను, దాని చదువంతా నాదైంది. ఇప్పుడు "నీ మాటయితే వింటుంది" అన్నారంటే, పొద్దున్నే తిప్పుకురావడం దగ్గర్నుంచి స్నానం దాకా నా నెత్తినే. అందుకే సాయంత్రాలు అందరూ దాన్ని తిడుతుంటే, నేను వంటింట్లో గరిట తిప్పుతూ ఊరుకునేదాన్ని. ఒకసారి అది గుమ్మం దాకా వచ్చి నా నోటి వంకే చూసింది, కూర్చోమని నేను రోజూ చెప్పే మాట చెబుతానేమోనని. నేను కుళాయి తిప్పి గిన్నెలు కడగడం మొదలుపెట్టాను.

చివరికి దాన్ని తెచ్చినచోటే ఇచ్చేశాం. కారణం రాయమని వాళ్ళొక చీటీ ఇచ్చారు. "నీ రాత బాగుంటుంది, నువ్వే రాయి," అన్నారు మా ఆయన. చెప్పిన మాట వినదు, నేర్పినా రాదు అని గుండ్రటి అక్షరాలతో రాశాను. ల్యాబులో ఒక్క సీసాకి చీటీ తప్పు పడిందేమోనని అనుమానం వస్తేనే నాకు ముద్ద దిగదు.

ఆదివారం అమ్మాయితో కలిసి మళ్ళీ అక్కడికే వెళ్ళాం. తేలిగ్గా నేర్చుకునే జాతి ఏదని మా ఆయన షెల్టర్లో పనిచేసే పెద్దావిడని అడిగారు. నేను ఆ పాతదాని సంగతి కదిపాను.

"ఆ గోధుమరంగుదా? చలికాలంలో జబ్బు చేసి పోయిందమ్మా," అందావిడ. "ఎంత బుద్ధిమంతురాలో. ఆగమంటే గిన్నె ముట్టేది కాదు. కానీ వచ్చినవాళ్ళంతా బోను మీది చీటీ చదివి పక్కకెళ్ళిపోయేవాళ్ళు. ఇంట్లో ఉండుంటే బతికేదే. ఇక్కడి చలికి తట్టుకోలేకపోయింది."

మా ఆయన ఆ మాటలు విన్నారో లేదో, దరఖాస్తు నా ముందు పెట్టారు. శిక్షణ బాధ్యత ఎవరిది అన్నచోట వేలు పెట్టి, "ఇక్కడ నీ పేరు రాయి," అన్నారు.

"దానికి అన్నీ వచ్చు," అన్నాను.

"దేనికి?"

"ఆ కుక్కకి. నేనే నేర్పాను. చెబితే దాని చాకిరీ కూడా నాకే చుడతారని చెప్పలేదు. పైగా రాదని రాశాను."

అమ్మాయి నా చెయ్యి వదిలేసింది. "మరి మేమంతా తిడుతుంటే ఎందుకు ఊరుకున్నావమ్మా?" అంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మా ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "సరే, అయిందేదో అయింది. నీకు నేర్పడం వచ్చన్నమాట, ఇంకేం మరి. రాయి, నీ పేరే రాయి."

కాగితం ఆయన వైపు జరిపాను.

"నేను చెయ్యను," అన్నాను. "చేసేవాళ్ళు రాయండి. ఎవరూ లేకపోతే ఇంటికెళ్దాం."

ఆయన పెన్ను పట్టుకుని ఆ ఖాళీ వంక చూస్తూ ఉండిపోయారు. పెద్ద గొంతుతో కూడా అనలేదు నేను. ఇంత చిన్న మాట ఆ రోజే అనుంటే, ఆ కుక్క బతికేది.